సొట్ట పడ్డ దారినే వెనక్కి

ముందు గుమ్మంలోంచి కాదు, పక్క సందులోంచి రండి. కాళ్ళ దగ్గర చూసుకోండి, అల్యూమినియం పొట్టు అరికాల్లో గుచ్చుకుంటే తీయడం కష్టం. కొబ్బరిచెట్టు దాటగానే ఎడమచేతి వైపు ఇసుక బస్తాల మీద బోర్లించి ఉందే, అదే పడవ. 17 అడుగుల పొడుగు, నడిమిన మూడడుగుల వెడల్పు. రెండు కొసలూ సన్నగా పైకి లేచి ఉంటాయి. ముందేదో వెనకేదో లోపలి బల్లల్ని చూస్తే గాని తెలియదు. ఇంగ్లీషువాళ్ళు కెనూ అంటారు. తెడ్డుతో నడిపేది, ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని మోసుకుపోగలిగేది.

చోడవరంలో తెల్లవారింది. ఊరి చివర గానుగల్లో బెల్లం ఉడుకుతున్న వాసన గాలి ఇటు మళ్ళినప్పుడల్లా పెరట్లోకి వస్తోంది. స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్ళేవాళ్ళు ప్రహరీ మీదుగా తొంగి చూసి ఒక్క క్షణం ఆగుతున్నారు. ఇక్కడ చెరువుల్లో తాటి దోనెలు తెలుసు, పూడిమడక తీరంలో తెప్పలు, ఫైబర్ పడవలు తెలుసు. తెల్లటి లోహంతో చేసిన పడవ కొత్త.

చెయ్యి వేసి చూడండి. అడుగున, వెన్ను బద్ద పక్కన జానెడు పొడుగున రేకు చీలింది. చీలిక అంచులు లోపలికి మడతపడ్డాయి. ఏ బండరాయి మీదికో బరువుతో ఎక్కినప్పుడు పడిన దెబ్బ అది. కుడి పక్కన మూరెడు మేర లోపలికి కూరుకుపోయిన సొట్ట. పై అంచు గొట్టం ఒకచోట వంకర తిరిగింది. నడిమి అడ్డబద్ద లేదు, దాన్ని పట్టి ఉంచిన బోల్టుల కన్నాలు మిగిలాయి. వెన్ను పొడవునా రివిట్లు కొన్ని వదులై, వేలితో నొక్కితే కదులుతున్నాయి. వీటన్నిటి మీదా ఎవరో ఒకప్పుడు తారు పూశారు. తారు నిలవకపోతే దాని మీద ఎపాక్సీ ముద్ద, అదీ నిలవకపోతే మళ్ళీ తారు. చేసిన సంస్థ పేరున్న రేకు ముక్కు దగ్గర ఉండేది. ఊడిపోయిన చోట రెండు చిన్న కన్నాలున్నాయి, అంతే.

విశాఖలో పాత సామాన్ల కొట్టులో తూకానికి సిద్ధంగా ఉన్నదాన్ని తెచ్చాం. ఇలాంటి 17 అడుగుల పడవ 34 కిలోల దాకా తూగుతుంది. కొలిమికి వెళ్తే మళ్ళీ ఏ గిన్నె గానో, కిటికీ చట్రం గానో తిరిగి వస్తుంది, అందులో తప్పేమీ లేదు. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, రాతి నుంచి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. కాని ఆ మొదటిసారి ఖర్చు ఎంతో చోడవరం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడమటి దిక్కుకు చూడండి, మంచు విడితే మాడుగుల కొండలు కనిపిస్తాయి. వాటి వెనక అనంతగిరి, అరకు, చింతపల్లి. గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల నెత్తిన ఎర్రగా పేరుకున్నది బాక్సైట్, అల్యూమినియం ఖనిజం. దాన్ని తవ్వవద్దని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2015లో జెర్రెల తవ్వకాలకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వును ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. మాకవరపాలెం దగ్గర కట్టిన శుద్ధి కర్మాగారం ఖనిజం లేక నిలిచిపోయింది. కొండకు అటువైపు ఒడిశాలో పంచపట్మాలి గనులున్నాయి, 1981లో పుట్టిన నాల్కో సంస్థ శుద్ధి కర్మాగారం దమంజోడిలో ఉంది. అక్కడ బాక్సైట్ నుంచి తీసిన తెల్లటి అల్యూమినా పొడి రైళ్ళలో విశాఖ రేవుకు దిగుతుంది.

కిలో అల్యూమినియానికి నాలుగైదు కిలోల బాక్సైట్ కావాలి, సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. అంటే ఈ పెరట్లో బోర్లించి ఉన్న 34 కిలోల్లో 475 యూనిట్ల దాకా విద్యుత్తు ముందే ఖర్చయి ఉంది. ఒక మధ్యతరగతి ఇల్లు రెండు మూడు నెలలు వాడుకునే కరెంటు అది. కొండ ఒకసారి తెగింది, కరెంటు ఒకసారి కాలింది. ఆ లోహం ఇంకా చెక్కుచెదరకుండా ఉండగా, జానెడు చీలిక ఉందని కొలిమిలో వేయడం నాకు న్యాయంగా తోచలేదు.

ఈ పడవల పుట్టుక విమానాల షెడ్డులో జరిగింది. 1944లో అమెరికాలో గ్రమ్మన్ విమాన సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ అడిరోండాక్ కొండల్లో చేపల వేటకు వెళ్ళాడు. కొయ్య చట్రానికి కాన్వాసు తొడిగిన పడవను ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు భుజాన మోసి మోసి అలిసిపోయి, విమానం రేకుతో పడవ ఎందుకు చేయకూడదనుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు సంస్థకు కొత్త పని అవసరమైంది. 1945లో పడవలు తయారవడం మొదలైంది, 1952లో ఆ పని న్యూయార్క్ రాష్ట్రంలోనే మారథాన్ అనే ఊరికి మారింది. రేకును అచ్చు మీద సాగదీసి ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి చేస్తారు. రెండింటినీ వెన్ను మీద కలిపి రివిట్లు కొడతారు. రేకు మందం మిల్లీమీటరుంబావు. యుద్ధ విమానాలకు రివిట్లు కొట్టిన చేతులే పడవలకూ కొట్టాయి. 1969లో చంద్రుడి మీద దిగిన వాహనాన్ని తయారుచేసిందీ ఆ సంస్థే. మా పడవ అక్కడిదని నేను అనను, పేరు రేకు లేదు కదా. కాని కట్టిన తీరు మాత్రం అదే.

మేస్త్రిగారు వచ్చారు. సైకిల్ గోడకు ఆన్చి, తువ్వాలు నడుముకు బిగించి, ఏమీ మాట్లాడకుండా పడవ చుట్టూ ఒకసారి నడిచారు. తర్వాత వేలి కణుపులతో అడుగంతా కొడుతూ పోయారు. టంగ్, టంగ్, టంగ్, ఒక చోట డబ్. అక్కడ ఆగారు. ఆయన వయసు డెబ్భై దాటింది. చిన్నప్పుడు తండ్రి వెంట ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేశారు. తర్వాత పనిచేసే వయసంతా బస్సు బాడీలు కట్టే షెడ్లలో గడిపారు. బస్సు ఒళ్ళంతా అల్యూమినియం రేకే, రేకంతా రివిట్లే. పడవ మీద ఎప్పుడూ పని చేయలేదు గాని, ఆ పడవ అడిగే పని ఆయన చేతిలో ఉంది.

"మేస్త్రిగారూ, వెల్డింగ్ పెట్టిద్దామా?" అని అడిగాను.

"వద్దు బాబూ. ఇనుమైతే ఎర్రబడతాది, మనకి తెలుస్తాది. ఇది ఎర్రబడదు. సూస్తుండగానే జారి కింద పడిపోద్ది."

ఆ ఒక్క మాటలో లోహశాస్త్రమంతా ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంత తక్కువ వేడిలో పగటి వెలుతురులో కంటికి ఎరుపు కనిపించదు. పైగా దాని మీద ఎప్పుడూ ఉండే సన్నటి ఆక్సైడ్ పొర కరగడానికి 2,072 డిగ్రీలు కావాలి. పైపొర కరగదు, లోపలిది ముందే నీరవుతుంది. ఆర్గాన్ వాయువుతో టిగ్ వెల్డింగ్ చేసే నిపుణులు విశాఖలో ఉన్నారు, వాళ్ళు ఆ పొరను విడగొట్టి అతకగలరు. కాని వేడి తగిలిన చోట ఇలాంటి గట్టిపరిచిన రేకు తన బలంలో మూడోవంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటుంది. అతుకు నిలుస్తుంది, అతుకు పక్కన చీలుతుంది. అందుకే పలచటి రేకుకు మొదటి వైద్యం రివిట్టే.

ముందు తారు వదలాలి. కిరసనాయిలు గుడ్డతో తడిపి, నాననిచ్చి, కొయ్య చెక్కతో గీకాలి. ఇనుప గరిటె పెట్టకండి, రేకు మీద పడే ప్రతి లోతైన గీతా రేపు ఒక చీలికకు దారి. కంపు ముక్కుకు పట్టి రెండు రోజులు వదలదు. చివరికి సబ్బు నీళ్ళతో రుద్ది కడిగితే లోహం మసకగా, బూడిద రంగులో తేలుతుంది. ఆ రంగును చూసి పాలిష్ చేయాలనిపిస్తుంది. వద్దు, ఆ మసక పొరే దాని తొడుగు, తుప్పును ఆపేది అదే.

ఇప్పుడు పడవను తిప్పుదాం. మీరు ఆ కొస పట్టుకోండి. వెల్లకిలా పెట్టి, వెన్ను కింద పొడవునా ఇసుక బస్తాలు సర్దాం. కింద నేల మీద పాత తెల్ల పంచె పరిచాం. లోపల నీళ్ళు పోస్తున్నాం, నాలుగు వేళ్ళ లోతు చాలు. అంతకు మించితే నీటి బరువుకే వెన్ను ఇంకా వంగుతుంది, లీటరు నీళ్ళంటే కిలో కదా. నీళ్ళలో బట్టలకు వాడే నీలిమందు కొన్ని చుక్కలు కలిపాం.

చీలికలోంచి కారడం అందరికీ కనిపిస్తుంది. దాన్ని ముందే మైనపు ముద్దతో మూశాం. చూడాల్సింది మిగతావి. వంగి కూర్చోండి, ఓపిక పట్టండి. తెల్ల పంచె మీద ఒక నీలి చుక్క పడింది. దాని పైన ఏ రివిట్ ఉందో చూడండి. మరికాసేపటికి ఇంకోటి, వెన్నుకు అటు పక్క. పక్కింటి కుర్రాడు, ఇంటర్ చదువుతున్నాడు, పడవ కింద పడుకుని ప్రతి తడి రివిట్ చుట్టూ మార్కరుతో సున్నా చుడుతున్నాడు. సుద్ద పనికిరాదు, తడి మీద పట్టదు. మధ్యాహ్నానికి వెన్ను పొడవునా సున్నాలే. పైకి బాగున్నట్టు కనిపించిన తోక భాగంలో ఎక్కువ ఉన్నాయి. చీలిక కన్నా ఈ సున్నాలే పడవను ముంచేవి. పెద్ద చిల్లును ఎవరైనా మూస్తారు, చుక్కచుక్కగా కారే రివిట్‌ను ఎవరూ వెతకరు. తారు పూసిన ఆ పాత మనిషి ఎవరో గాని, మూడు సార్లు పూసినా పడవ నిలవకపోవడానికి కారణం ఇదే.

నీళ్ళు తీసేశాక సొట్టల పని. కుడి పక్క సొట్ట దగ్గరికి రండి. లోపలి నుంచి పెద్ద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే వచ్చేస్తుందని అనిపిస్తుంది. కుర్రాడికీ అలాగే అనిపించి సుత్తి ఎత్తాడు.

"అలగ కొట్టకురా గుంటడా! నడిమిన కొడితే రేకు సాగిపోద్ది. సాగిన రేకు మళ్ళీ సర్దుకోదు. సొట్ట పడ్డ దారినే ఎనక్కి రావాల."

సొట్ట పడినప్పుడు మొదట దిగింది నడిమి భాగం, చివర మడతపడింది అంచు. తిరిగి రావడం అందుకు తలకిందులుగా జరగాలి. ముందు అంచు, తర్వాత లోపలికి, చివర నడుమ. బయట ఇసుక నింపిన తోలు సంచి ఒకటి ఆనించి కుర్రాడు ఒత్తి పట్టుకున్నాడు. మేస్త్రిగారు లోపల కూర్చుని రబ్బరు సుత్తితో సొట్ట అంచు చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య అరచేత్తో తడిమి చూస్తున్నారు. ఒక చుట్టు పూర్తయితే వేలెడు లోపలికి జరిగి ఇంకో చుట్టు. చాలాసేపు ఏమీ మారినట్టు కనిపించదు. తర్వాత ఉన్నట్టుండి రేకు తనంతట తాను టక్కున బయటికి ఉబుకుతుంది, అరచేతిలో ఆ కదలిక తెలుస్తుంది. కొద్దిపాటి అలలు మిగిలాయి. వాటిని వదిలేశారాయన. ఎక్కువ కొడితే రేకు గట్టిపడి పెళుసవుతుందని ఆయన భయం, నిజం కూడా.

పై అంచులో ఒక మడత మాత్రం మొండిది. దానికి ఆయన చిన్ననాటి విద్య ఒకటి తీశారు. బట్టల సబ్బు బిళ్ళతో ఆ మడత మీద రుద్ది, గ్యాసు మంట దూరం నుంచి చూపించారు. సబ్బు గీత గోధుమ రంగుకు, అక్కణ్ణుంచి నలుపుకు తిరగగానే మంట తీసేశారు. లోహం మెత్తబడే వేడికి అదే కొలత. చల్లారాక మడత సుత్తికి లొంగింది. మెత్తబడిన చోట బలం తగ్గుతుంది కనక ఇది పై అంచుకే, నీటికి తగలని చోటుకే. అడుగు రేకు మీద మంట చూపించనివ్వలేదు.

ఇక చీలిక. దాని రెండు కొసల్నీ భూతద్దంతో చూడండి. కంటికి ఆగిపోయినట్టున్న చోటుకు కొద్దిగా అవతల దాకా వెంట్రుకలాంటి గీత ఉంటుంది. ఆ గీత చివర 3 మిల్లీమీటర్ల కన్నం వేశాం, రెండు వైపులా. చీలిక సూదిమొనగా ఉన్నంతసేపు దాని కొన దగ్గర బలమంతా పోగై ముందుకు పాకుతుంది. గుండ్రటి కన్నంలో పడ్డాక ఆ ఒత్తిడి చుట్టూ పంచుకుపోతుంది, చీలిక అక్కడ ఆగుతుంది. విమానాల్లోనూ ఇదే చేస్తారు. లోపలికి మడిచిన అంచుల్ని సరిచేసి, గరుకును ఆకురాయితో తీసేశాం.

అతుకు రేకును విశాఖ నుంచి తెచ్చాం. మెగ్నీషియం కలిసిన 5052 రకం, మందం మిల్లీమీటరున్నర. ఇనుప రేకు, ఇత్తడి స్క్రూ, రాగి రివిట్ దీని దగ్గరికి రానివ్వకండి. రెండు వేర్వేరు లోహాలు తడిలో తగిలితే చిన్న బ్యాటరీ తయారవుతుంది, వీటి పక్కన తినేయబడేది ప్రతిసారీ అల్యూమినియమే. ఉప్పునీళ్ళలో మరీ వేగం. అతుకు మూలల్ని గుండ్రంగా కోశాం, కోసుగా ఉంటే రాయికో వేరుకో తగులుకుని లేస్తాయి. దాన్ని బయటి వైపే పెట్టాలి, అప్పుడు నీటి ఒత్తిడి అతుకును పడవకేసి నొక్కుతుంది. రివిట్ కన్నాలు అంచుకు సెంటీమీటరు లోపల, ఒకదానికొకటి 25 మిల్లీమీటర్ల దూరంలో. ముందు మూలల్లో నాలుగు కన్నాలు వేసి చిన్న బోల్టులు బిగించాం, రేకు కదలకుండా ఉండాలని. మిగతావన్నీ వేశాక విప్పి, కన్నాల చుట్టూ లేచిన గరుకు తీసి, రెండు ముఖాలనూ స్పిరిటుతో తుడిచి, పాలియురెథేన్ సీలెంట్ పట్టించి, మళ్ళీ బిగించాం. సీలెంట్ ఆరేలోగా రివిట్లు పూర్తవ్వాలి. ఇక ఆగడానికి లేదు.

దగ్గరికి రండి, చూడాల్సింది ఇక్కడే.

పడవను పక్కకు ఒరిగించి తాళ్ళతో కట్టాం. బయట కుర్రాడు, లోపల మేస్త్రిగారు, మధ్యలో మిల్లీమీటరుంబావు రేకు. ఒకరికొకరు కనిపించరు. కుర్రాడు బయటి నుంచి 5 మిల్లీమీటర్ల అల్యూమినియం రివిట్‌ను కన్నంలో దూర్చి, దాని తల మీద డాలీ ఆనించాడు. డాలీ అంటే గుండ్రటి గుంట తవ్విన ఇనుప దిమ్మె, రివిట్ తల ఆ గుంటలో కూర్చుంటుంది. లోపలి వైపు రివిట్ కాడ ఏడున్నర మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది. కాడ మందానికి ఒకటిన్నర రెట్లు. తక్కువైతే తల కట్టదు, ఎక్కువైతే వంగిపోతుంది.

"పట్టేవా?"

"పట్టేను తాతా."

మొదటి దెబ్బలు నిటారుగా పడ్డాయి. వీటితో తల తయారవదు. కాడ కన్నంలోపలే ఉబ్బి, గోడలకు ఒరుసుకుని బిగుస్తుంది. నీళ్ళను ఆపేది ఈ ఉబ్బే, పైన కనిపించే గుండ్రటి తల కాదు. శబ్దం వినండి, దెబ్బదెబ్బకూ సన్నబడుతోంది. తర్వాత ఆయన స్నాప్ అందుకున్నారు, కొనలో గుంట ఉన్న ఉక్కు కడ్డీ. దాన్ని కాడ మీద పెట్టి రెండు దెబ్బలు, కొంచెం వాల్చి తిప్పుతూ ఇంకో రెండు. కాడ ఏడున్నర మిల్లీమీటర్ల వెడల్పు బొడిపెగా అణిగింది. రేకుకు రేకుకు మధ్య నుంచి సీలెంట్ సన్నటి గీతగా బయటికి ఉబికింది, అతుకు చుట్టూ ఒక్కచోట కూడా తెగకుండా. అది అలా ఉబికితేనే మంచిది.

అయిదో ఆరో రివిట్ దగ్గర శబ్దం మారింది, మొద్దుగా పడింది. మేస్త్రిగారి సుత్తి గాలిలోనే ఆగింది.

"దిమ్మె వదిలేసేవు."

కుర్రాడు గతుక్కుమన్నాడు. చెయ్యి నొప్పెట్టి రవ్వంత సడలించాడు, అంతే. రేకుకు అటువైపు ఉన్న మనిషికి అది చెవితో తెలిసిపోయింది. ఆ రివిట్‌ను తొలిచి తీసి కొత్తది పెట్టారు. ఆయన కసరలేదు. దిమ్మెను ఎలా పట్టాలో పడవ మీదుగా చెయ్యి చాపి చూపించారు. మణికట్టుతో కాదు, మోచేతిని మోకాలికి ఆన్చి, ఒంటి బరువుతో. ఆ తర్వాత కుర్రాడి డాలీ కదలలేదు. మాటలు తగ్గిపోయాయి. ఇటు నుంచి డాలీతో ఒక చిన్న తట్టు, సిద్ధం అని. అటు నుంచి దెబ్బలు. చివర రెండు తట్లు, తర్వాతి దానికి పద అని. బస్సు షెడ్లలో రోజంతా ఆ హోరులో ఇలాగే మాట్లాడుకునేవాళ్ళమని మేస్త్రిగారు టీ తాగుతూ చెప్పారు.

వెన్ను మీద సున్నా చుట్టిన రివిట్లలో చాలావాటికి డాలీ ఆనించి మళ్ళీ బిగించడంతో సరిపోయింది. కన్నం అరిగి పెద్దదైపోయిన చోట పాతది తీసి, ఒక సైజు లావుదాన్ని సీలెంట్‌లో ముంచి కొట్టారు. బజారులో దొరికే పాప్ రివిట్ గన్నుతో ఒక్క మనిషి కూడా చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. కాని మామూలు పాప్ రివిట్ నడుమ బోలు, ఆ బోలులోంచే నీరు వస్తుంది. అటు వైపు చెయ్యి పట్టని చోట తోక మూసి ఉండే రకాన్ని వాడాలి. మేం ముక్కు దగ్గర అలాంటి వాటినే వాడాం.

ముక్కు, తోక గదుల్లో ఏముందో చూడండి. మూత విప్పగానే ముక్కిపోయిన వాసన, ఎలుకలు కొరికిన పాత నురుగు, సగం నీళ్ళు తాగి బరువెక్కింది. చాలామంది దీన్ని పారేసి మూత పెట్టేస్తారు. అలా చేయకండి, ప్రాణం దీని మీద ఉంది. అల్యూమినియం నీటికన్నా 2.7 రెట్లు బరువు. 34 కిలోల లోహం తొలగించేది 12.6 లీటర్ల నీటినే. అంటే పడవ నిండా నీళ్ళు చేరితే దాన్ని పైన ఉంచడానికి ఇంకా 21 లీటర్లకు పైగా గాలి నిలిచే చోటు కావాలి, అదీ ఉత్త పడవకు. పట్టుకుని వేలాడే ఇద్దరు మనుషులకు మరికొంత. మేం నీళ్ళు పీల్చని గట్టి పాలిస్టైరీన్ పలకల్ని గది ఆకారానికి కోసి, రెండు కొసల్లో కలిపి 50 లీటర్లకు తగ్గకుండా కూరి, మూతలు బిగించాం.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. లోహానికి రంగు పట్టేలా చేసే ఎచ్ ప్రైమర్ ఒక పూత, దాని మీద మామూలు ఎనామిల్ రెండు పూతలు, అతుకు మీద, గీతలు పడ్డ చోట మాత్రమే. నాచు పట్టకుండా ఓడలకు వేసే రాగి కలిసిన రంగు వేయకూడదు, రాగి సంగతి ఇందాక చెప్పాను. అడ్డబద్దకు టేకు ముక్క సరిపోయింది. దాన్ని స్టెయిన్‌లెస్ బోల్టులతో, నైలాన్ వాషర్లు వేసి బిగించాం.

నీళ్ళలోకి దించే ముందు పెరట్లోనే ఇంకోసారి నీలిమందు నీళ్ళు పోశాం. ఈసారి పంచె తెల్లగానే ఉంది. అప్పుడు ట్రాలీ ఎక్కించాం. శారదా నదిలో ఈ కాలంలో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయంలో నీళ్ళు నిండుగా ఉంటాయి గాని అవి విశాఖ నగరం తాగే నీళ్ళు, అనుమతి లేకుండా దిగకూడదు. అందుకని ఊరి చెరువుకే తీసుకెళ్ళాం. గట్టు మీద జనం పోగయ్యారు. తాటి దోనె మీద వల సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికొచ్చి, ఒక చేత్తో ముక్కు ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాడు.

లైఫ్ జాకెట్ బిగించుకోండి, ఈత వచ్చినా సరే. నడిమికి అడుగు వేయండి, అంచు మీద కాదు. వంగి, రెండు అంచులూ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చోండి. మొదటి క్షణం అటూ ఇటూ ఊగి భయపెడుతుంది, మోకాళ్ళు విడదీసి ఆన్చితే కుదుటపడుతుంది. ముందు కుర్రాడు, వెనక మీరు. తెడ్డు ముంచి వెనక్కి లాగండి. పడవ ఎంత తేలిగ్గా జారిందో చూశారా. తామరాకులు అడుగు రేకుకు రాసుకుంటున్న చప్పుడు కాళ్ళ కిందే వినిపిస్తోంది. అతుకు మీద అరచెయ్యి వేయండి. అవతల చల్లటి నీరు, ఇవతల పొడి. చెరువు నడిమి దాకా వెళ్ళి వచ్చాం. గట్టెక్కాక మేస్త్రిగారు పడవలోకి వంగి, తువ్వాలు అంచుతో వెన్ను పొడవునా తుడిచి చూశారు. తెడ్డు నుంచి కారిన నీళ్ళు తప్ప తడి లేదు.

"ఇంక నీ ఇష్టం బాబూ, నీళ్ళున్నకాడికి ఎల్లు" అని సైకిలెక్కారు.

పడవ బాగుపడింది, వాడుతున్నాం. నాకు దిగులల్లా ఆయన చేతిలోని పని గురించి. గిన్నెలకు మాట్లు వేసేవాళ్ళు వీధుల్లోకి రావడం మానేశారు. బస్సు బాడీలు కట్టే పద్ధతులు మారిపోయాయి. సుత్తీ డాలీ పట్టి రివిట్ కొట్టడం పుస్తకం చదివితే రాదు, వీడియో చూస్తే రాదు. శబ్దం మారినప్పుడు ఎందుకు మారిందో చెప్పే మనిషి రేకుకు అటువైపు ఉండాలి. మా పక్కింటి కుర్రాడికి ఇప్పుడు ఆ శబ్దం తెలుసు. మీ ఊళ్ళోనూ అలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు, బస్సు షెడ్డులో పనిచేసినవారో, పాత్రలకు మాట్లు వేసినవారో. వెళ్ళి అడగండి. కారుతున్న బకెట్టయినా సరే, చిల్లు పడ్డ డేగిసా అయినా సరే ఆయన ముందు పెట్టి, మీ ఇంట్లో పిల్లల్ని ఒక పూట ఎదురుగా దిమ్మె పట్టుకుని కూర్చోమనండి.